మహమ్మారి నవలలో వైరస్ కంటే ముందు రిజిస్టర్ రాయండి

మీరు అడిగింది క్లుప్తంగా ఇది. సైన్స్ హద్దు దాటి ఒక ప్రయోగం చేస్తుంది, దాన్నుంచి పుట్టిన మహమ్మారి జనంలో పదింట తొమ్మిది మందిని తీసుకుపోతుంది, హైదరాబాద్ ల్యాబులో పనిచేసే ఒక కుర్రాడు ఎలాగో తప్పించుకుని కరీంనగర్ వైపున్న తన ఊరికి చేరతాడు, అక్కడ మిగిలినవాళ్లు ఎలా బతుకుతారన్నది మీ నవల. ఇది నమ్మేలా ఎలా రాయాలి, ఏ రకం వైరస్ అయితే బావుంటుంది, శాస్త్రవేత్తని విలన్‌గా చూపించాలా అని మూడు ప్రశ్నలు వేశారు.

ముందు సూటిగా చెప్పేస్తాను. వైరస్ గురించి ఒక్క పేజీ చాలు. నవల నిలబడేది రెండు చోట్ల. జబ్బు గోడ దాటిన రోజు దాన్ని ఎవరు చూశారు, చూసి ఎందుకు నోరు మూసుకున్నారు అన్నది ఒకటి. ఊరి పొలిమేర దగ్గర ఎవరిని లోపలికి రానిచ్చారు, ఎవరిని వెనక్కి పంపారు అన్నది రెండోది. విలన్ అక్కర్లేదు. పదింట తొమ్మిది మంది చావాల్సిన పని కూడా లేదు, ఆ లెక్క మీ కథకి మేలు కంటే కీడే ఎక్కువ చేస్తుంది, ఎందుకో కింద చెబుతాను.

నేను ఇరవై మూడేళ్లు సూక్ష్మజీవుల ల్యాబుల్లో పనిచేశాను. మొదట మీడియా, అంటే క్రిములు పెంచే పోషక పదార్థం తయారుచేసే గదిలో, తర్వాత ఒక టీకాల కంపెనీలో, అందులో చివరి తొమ్మిదేళ్లు బయోసేఫ్టీ చూశాను, అంటే లోపలికి వెళ్లింది బయటికి రాకుండా చూడటమే నా ఉద్యోగం. తెలిసినవాళ్లు రాసిన ఇలాంటి కథలు ఈ నాలుగేళ్లలో ఓ పది పన్నెండు చదివిపెట్టాను. దాదాపు అన్నిట్లోనూ అదే సీను: గాజు గొట్టం చేయి జారి పగలడం, ఎర్ర లైటు, సైరన్, అందరూ పరుగులు. నిజంగా ఏదైనా బయటికి పోయినప్పుడు సైరన్ మోగదండీ. ఎవరికైనా తెలిసి సైరన్ మోగించగలిగితే సగం గండం గట్టెక్కినట్టే. తెలియకుండా పోయేదీ, తెలిసినా చెప్పకుండా వదిలేసేదీ, అవే ప్రమాదం.

ఒక నిజం జరిగిన సంగతి చెబుతాను. సోవియట్ యూనియన్‌లో స్వెర్డ్‌లోవ్‌స్క్ అనే నగరం ఉండేది, ఇప్పుడు యెకాతెరిన్‌బర్గ్ అంటున్నారు. 1979 ఏప్రిల్ మొదట్లో అక్కడి సైనిక ప్రయోగశాలలోంచి ఆంత్రాక్స్ గాలిలోకి వెళ్లిపోయింది. మూసుకుపోయిన ఫిల్టర్‌ని ఒక షిఫ్టువాళ్లు తీశారని, తీసిన సంగతి రిజిస్టర్‌లో ఎక్కలేదని, తర్వాతి షిఫ్టువాళ్లు రిజిస్టర్ చూసి అంతా మామూలే అనుకుని మిషన్ నడిపారని, సోవియట్ జీవాయుధాల కార్యక్రమంలో పెద్ద హోదాలో పనిచేసి తర్వాత అమెరికా వెళ్లిపోయిన ఒకాయన చెప్పాడు. కనీసం 66 మంది చనిపోయారు. చనిపోయినవాళ్లు ఆ రోజు ఎక్కడెక్కడ ఉన్నారో తర్వాత మ్యాపు మీద చుక్కలు పెట్టి చూస్తే, గాలి ఎటు వీచిందో అటే సన్నగా గీత గీసినట్టు వచ్చింది. అదే గీత వెంట ఇంకా ముందుకు పోతే 50 కిలోమీటర్ల దూరాన ఉన్న పల్లెల్లో కూడా పశువులు చచ్చిపోయాయి. పాడైన మాంసం తిని చనిపోయారని ప్రభుత్వం చెప్పింది. ఆ మాట మీదే ఏళ్ల తరబడి ఉంది, 1992లో రష్యా అధ్యక్షుడు యెల్ట్సిన్ ఒప్పుకునేదాకా.

ఇందులో నాకు నవలలా కనిపించేది ఫిల్టర్ కూడా కాదు. ఆసుపత్రి రికార్డులన్నీ సోవియట్ రహస్య పోలీసులు, కేజీబీ వాళ్లు, పట్టుకుపోయారు. శవపరీక్షలు చేసిన ఫైనా అబ్రమోవా అనే డాక్టరమ్మ మాత్రం కొన్ని కణజాలం ముక్కలు, తను రాసుకున్న కాగితాలు ఎవరికీ ఇవ్వకుండా దాచిపెట్టారు. మనుషులు పీల్చిన గాలి వల్లే పోయారని, తిన్న మాంసం వల్ల కాదని తేలడానికి ఏళ్ల తర్వాత ఆ ముక్కలే ఆధారమయ్యాయి. ఆ ఏళ్లన్నీ ఆవిడ ఆ సీసాలు పెట్టుకుని ఎలా నిద్రపోయి ఉంటారో ఆలోచించండి. మీ కుర్రాడు హైదరాబాద్ నుంచి ఊరికి సంచిలో ఏం పట్టుకెళ్తున్నాడో మీ ప్రశ్నలో రాయలేదు. మందు సీసా పట్టుకెళ్తున్నాడని రాస్తే అది అందరూ రాసే కథ. రిజిస్టర్‌లోంచి చించిన ఒక పేజీ పట్టుకెళ్తున్నాడంటే నేను ఆగి చదువుతాను.

ఇలాంటివి ఇంకా ఉన్నాయి, త్వరగా చెప్పేస్తాను. 2019లో చైనాలోని లాన్‌జౌలో పశువుల టీకా చేసే ఫ్యాక్టరీలో గడువు దాటిన క్రిమిసంహారకం వాడారు, బయటికి పోయే గాలిలో సూక్ష్మక్రిములు చావకుండా మిగిలాయి, చుట్టుపక్కల పది వేల మందికి పైగా బ్రూసెల్లోసిస్ అనే, పశువుల నుంచి మనుషులకి వచ్చే జబ్బు సోకింది. 2007లో ఇంగ్లండులోని పిర్‌బ్రైట్ దగ్గర గాలికుంటు వైరస్ ఒక పాత డ్రైనేజీ పైపు చీలికల్లోంచి మట్టిలోకి, అక్కడినుంచి పక్క పొలాల్లోని పశువులకి చేరింది. మందు డబ్బా మీద తేదీ, మట్టిలో పాతిపెట్టిన పైపు, ఇవీ అసలు కారణాలు. వీటిల్లో ఎక్కడా పిచ్చి శాస్త్రవేత్త లేడు.

నా సొంత అనుభవం ఒకటి చెబుతాను, ఇది ఇప్పటిదాకా బయట ఎక్కడా రాయలేదు. పదకొండేళ్ల కిందట, ఒక కంపెనీలో. ల్యాబు వ్యర్థాలని పారేసేముందు ఆటోక్లేవ్‌లో పెట్టి ఉడికిస్తారు. పెద్ద ప్రెషర్ కుక్కర్ అనుకోండి, 121 డిగ్రీల ఆవిరి. సంచి మీద క్రీమ్ రంగు టేపు ఒకటి అంటిస్తారు, వేడి తగిలితే దాని మీద ఏటవాలుగా నల్ల గీతలు వస్తాయి. ఆ రాత్రి పది దాటాక ఇంటికి బయల్దేరుతూ కారిడార్లో ట్రాలీ చూశాను. నాలుగు సంచులు, పొద్దున్న ఆరింటికి బండి వచ్చి తీసుకెళ్లడానికి సిద్ధంగా ఉన్నాయి. నాలుగింటి మీదా టేపు కొత్తగా అంటించినట్టు శుభ్రంగా ఉంది, గీతల్లేవు. చేత్తో తాకితే చల్లగా ఉన్నాయి. రిజిస్టర్ తీస్తే, 121 డిగ్రీలు, 30 నిమిషాలు, ఓకే అని సంతకం ఉంది.

డ్యూటీలో ఉన్న అబ్బాయిని పిలిచాను. కరెంటు పోయింది, జనరేటర్ అందుకునేలోపు ఆటోక్లేవ్ సైకిల్, అంటే ఒక విడత ఉడికించడం, ఆగిపోయింది, మళ్లీ పెడితే గంటన్నర పడుతుంది, ఆఖరి బస్సు పోతుంది. అంతే కారణం. "సార్, రిపోర్ట్ రాస్తే నన్ను తీసేస్తరు సార్, చెల్లె పెండ్లి ఉంది" అన్నాడు. నా ముందే మళ్లీ సైకిల్ పెట్టించాను, గీతలు నల్లబడేదాకా అక్కడే కూర్చున్నాను. సంచుల్లో ఉన్నది పెద్ద ప్రమాదమైన క్రిమి కాదు, ఎవరికీ ఏమీ కాలేదు. కానీ రిపోర్ట్ రాయకుండా ఇంటికెళ్లిపోయాను. వాడి ముఖం చూసి రాయలేకపోయాను. ఆ రాత్రి నిద్ర పట్టలేదు. తెల్లవారుజామున తట్టిన ఆలోచన ఒక్కటే: ఇవాళ నేను చూశాను కాబట్టి తెలిసింది, నిన్న? మొన్న? పొద్దున్న ఆరున్నరకల్లా వెళ్లి రిజిస్టర్ వెనక్కి తిప్పాను. నాలుగు రోజుల ఎంట్రీలు ఒకే పెన్నుతో, ఒకే ఒత్తిడితో, ఒకే వరసన రాసి ఉన్నాయి. నాలుగు రోజుల పనిని ఒక్కసారి కూర్చుని రాసిన చేతిరాత ఎలా ఉంటుందో ఒకసారి చూస్తే మర్చిపోలేం, అక్షరాలు అలసిపోవు. అప్పుడు రాశాను రిపోర్ట్. పైవాళ్లు మెచ్చుకోలేదు, ఆడిట్ ముందర ఇదేంటన్నారు. ఆ అబ్బాయిని వేరే విభాగానికి మార్పించడానికి నేను చాలామంది దగ్గరికి తిరగాల్సొచ్చింది.

ఇంత వివరంగా ఎందుకు చెప్పానంటే, నేను రిపోర్ట్ రాయని ఆ ఎనిమిది గంటలే మీ నవల మొదటి అధ్యాయం. సంచిలో ఉన్నది వేరేదై ఉంటే ఆ ఎనిమిది గంటల్లో బండి వెళ్లిపోయేది, డ్రైవర్ టీ తాగేవాడు, ఇంటికెళ్లి పిల్లని ఎత్తుకునేవాడు. ఆ రాత్రి మా ఇద్దరిలో చెడ్డవాడు లేడు, ఇది నేను గట్టిగా నమ్ముతాను. జాలి ఉంది, భయం ఉంది, ఆఖరి బస్సు ఉంది. పాఠకుడు కూడా ఆ స్థానంలో తనని ఊహించుకుని, నేనైతే ఏం చేసేవాణ్ని అనుకోవాలి.

ఇక శాస్త్రవేత్త విలనా అన్న ప్రశ్న. 1978లో ఇంగ్లండులోని బర్మింగ్‌హామ్ విశ్వవిద్యాలయం వైద్య కళాశాలలో జరిగింది చదవండి. అంతకు ముందు ఏడాది సోమాలియాలో సహజంగా వచ్చిన ఆఖరి మశూచి కేసు బాగైపోయింది, ప్రపంచం నుంచి మశూచి పోయిందని ప్రకటించడానికి సిద్ధమవుతున్నారు. అప్పుడు, కళాశాలలో ఫొటోలు తీసే ఉద్యోగం చేసే జానెట్ పార్కర్ అనే ఆవిడకి మశూచి వచ్చింది. ఆవిడ పనిచేసే గది మశూచి ల్యాబుకి పై అంతస్తులో ఉండేది. మొదట్లో మందు పడక వచ్చిన దద్దుర్లేమో అనుకున్నారు. సెప్టెంబరు 11న చనిపోయారు. వాళ్లమ్మకీ సోకింది, బతికింది. నాన్న ఆ రోజుల్లోనే గుండెపోటుతో పోయాడు. ల్యాబు అధిపతి ప్రొఫెసర్ హెన్రీ బెడ్‌సన్ ఆవిడ చనిపోకముందే ఆత్మహత్య చేసుకున్నాడు. ఆయన దుర్మార్గుడు కాదు, మశూచి మీదే జీవితమంతా పెట్టిన మనిషి. ల్యాబు ప్రమాణాలకి తగ్గట్టు లేదని ఏడాది చివరికి మూసేయాలని తేలింది, ఆలోపు పని పూర్తిచేయాలన్న తొందర ఉంది. వైరస్ పై అంతస్తుకి గాలి గొట్టం గుండా వెళ్లిందని దర్యాప్తు నివేదిక అంది, కోర్టులో ఆ వాదన నిలబడలేదు. అంటే ఎలా వెళ్లిందో ఇప్పటికీ తేలలేదు. మీ నవలలో కూడా కచ్చితంగా ఇలాగే బయటికొచ్చింది అని తేల్చేయకండి. ఊళ్లో ఒక్కొక్కరు ఒక్కో మాట చెప్పుకోనివ్వండి.

"సైన్స్ హద్దు దాటడం" అనే మాటకి కూడా ఒక ఉదాహరణ ఇస్తాను, ఎందుకంటే చాలామంది ఆయుధం తయారుచేయబోయి అని రాస్తారు. ఆస్ట్రేలియాలో పంటల మీద ఎలకల బెడద చాలా ఎక్కువ. ఎలకలకి పిల్లలు పుట్టకుండా చేసే వైరస్ తయారుచేద్దామని కాన్‌బెర్రాలో కొందరు ప్రయోగం చేశారు. ఎలకలకే వచ్చే ఒక మశూచి లాంటి వైరస్‌ని కాస్త మార్చారు. అది ఎలకల్ని చంపేసింది, టీకా వేసినవాటిలో కూడా చాలావాటిని. చేసినవాళ్లే భయపడ్డారు, ఇది ప్రచురించాలా వద్దా అని తర్జనభర్జన పడి చివరికి 2001లో ప్రచురించారు. రైతుకి మేలు చేద్దామన్న పని అది. హద్దు దాటేటప్పుడు అది హద్దని తెలియకపోవడం, దాటాక వెనక్కి తిరిగి చూసుకుని ఒళ్లు జలదరించడం, ఈ సీను మీ సీనియర్ శాస్త్రవేత్తకి ఇవ్వండి. ఒక మాట మాత్రం గట్టిగా చెబుతాను: ఏ జన్యువు మార్చారు, ఎలా మార్చారు అనే వివరాల జోలికి వెళ్లకండి. పాఠకుడికి అది అక్కర్లేదు, రాయడం మంచిదీ కాదు. "ఎలకల కోసం చేశాం" అన్న ఒక్క వాక్యం చాలు.

వైరస్ ఎలాంటిది అన్నదానికి నా జవాబు: ఎంతమందిని చంపుతుంది అన్నది పక్కన పెట్టండి, మనిషి పడకెక్కకముందే అంటిస్తాడా, పడకెక్కాక అంటిస్తాడా అన్నది తేల్చుకోండి. 2002 చివర్లో మొదలై 2003లో వ్యాపించిన సార్స్ కొవిడ్ కంటే చాలా ఎక్కువ ప్రాణాంతకం, సోకిన ఎనిమిది వేల పైచిలుకు మందిలో 774 మంది పోయారు. అయినా అది ఆగింది, ఎందుకంటే రోగి బాగా జబ్బుపడ్డాకే ఎక్కువగా అంటించేవాడు, జ్వరం ఉన్నవాణ్ని విడిగా పెడితే సరిపోయింది. కొవిడ్‌లో ఒంట్లో బాగానే ఉన్నవాడు పెళ్లికి వెళ్లి అంటించాడు. కథ పరంగా ఈ తేడా చాలా పెద్దది. మొదటి రకమైతే మీది ఆసుపత్రి నవల అవుతుంది, రెండో రకమైతే అనుమానం నవల. ఊళ్లో ఆరోగ్యంగా నవ్వుతూ ఎదురొచ్చేవాడే భయం. మీరు చెప్పిన కథకి రెండోదే కావాలి.

ఇప్పుడు చావుల లెక్క. పదింట తొమ్మిది మంది పోతే పాఠకుడికి ఎవరూ పోయినట్టు ఉండదు, ఖాళీ ఊరు మిగులుతుంది, అంతే. గుజరాత్‌లోని సూరత్ గుర్తుందా? 1994 సెప్టెంబరులో అక్కడ ప్లేగు అన్నారు. చనిపోయింది యాభై పైచిలుకు మంది. ఆ మాత్రానికే నాలుగైదు రోజుల్లో లక్షల మంది ఊరు వదిలి పారిపోయారు, వాళ్లలో డాక్టర్లు కూడా ఉన్నారు. ప్లేగుకి వాడే టెట్రాసైక్లిన్ మాత్రలు దొరక్కుండా పోయాయి. జబ్బు చంపినదానికంటే భయం ఖాళీ చేసిందే ఎక్కువ.

మా మేనమామ అప్పుడు సూరత్‌లో పవర్‌లూమ్ మీద పనిచేసేవాడు, సిరిసిల్ల వైపు నుంచి మనవాళ్లు చాలామంది అక్కడ ఉండేవాళ్లు. రైలెక్కి, దిగి, బస్సు మారి, రెండు రోజులకి ఊరు చేరాడు. చేరేసరికి ఊరి మొదట్లో చింతచెట్టు కింద పెద్దమనుషులు నలుగురు నిలబడి ఉన్నారు. అందరూ వావివరసలున్నవాళ్లే. "అల్లుడా, ఏమనుకోకు, పది రోజులు బాయికాడ ఉండు" అన్నారు. బావి దగ్గర మోటారు కొట్టంలో ఉన్నాడు. మా అమ్మమ్మ రోజూ సద్ది మూట కట్టుకెళ్లి గట్టు మీద పెట్టి ఇరవై అడుగులు వెనక్కొచ్చి నిలబడేది, అతను తిన్నాక గిన్నె కడిగి అక్కడే పెట్టేవాడు, ఆమె దాన్ని మళ్లీ బూడిదతో తోమేది. మామకి ఏ జబ్బూ లేదు. జేబులో ఎనిమిది మాత్రలు ఉండేవి, ఒక్కటీ వేసుకోలేదు, ఇంట్లో పిల్లలకి జ్వరం వస్తే పనికొస్తాయని దాచాడు. బతికినన్నాళ్లూ ఆ నలుగురిలో ఒకాయనతో మాట్లాడలేదు. మిగతా ముగ్గుర్ని క్షమించాడు, ఆ ఒక్కాయన్నే ఎందుకు క్షమించలేదో ఎప్పుడూ చెప్పలేదు. 2020 మార్చిలో అదే ఊళ్లో దారికి అడ్డంగా తుమ్మకంప వేశారు. టీవీలో చూస్తే రెండు రాష్ట్రాల్లోనూ ఎన్నో ఊళ్లు అదే పని చేశాయి.

మీ కుర్రాడు ఊరికి చేరినప్పుడు ఆ కంప దగ్గర ఆగాలి. అతను ల్యాబు నుంచి వస్తున్నాడని ఊరికి తెలుసు. వాళ్ల నాన్న కంపకి అవతలి వైపు, కాపలా కాసేవాళ్లలోనే ఉండాలి. దీనికి మించిన గొడవ మీరు కల్పించనక్కర్లేదు.

ఎలా బతుకుతారు అన్నది మీరు తుపాకులు, సూపర్‌మార్కెట్ దోపిడీలతో ఊహిస్తున్నట్టు అనిపించింది. అది మన నేల కాదు. మన పల్లెలో మొదట పోయేది నీళ్లు. ఆ వైపు బోర్లన్నీ వందల అడుగుల లోతు, మోటారు లేకపోతే చుక్క రాదు, మోటారుకి కరెంటు కావాలి. కరెంటు పోవడానికి అందరూ చావక్కర్లేదు, బొగ్గు దగ్గర, ప్లాంటు దగ్గర, సబ్‌స్టేషన్లో డ్యూటీకి రావాల్సినవాళ్లలో సగం మంది భయంతో రాకపోతే చాలు. నల్లా నీళ్లు కూడా ఆ కరెంటు మీదే. అప్పుడు ఊరికి గుర్తొచ్చేది పాత చేదబావి. ఆ బావిని ఇరవై ఏళ్లుగా చెత్త వేసి పూడ్చుకున్నారు. దాన్ని పూడిక తీసే సీను రాయండి, పైన బతుకమ్మల నాటి ఎండుపూలు, ప్లాస్టిక్ కవర్లు, ఇంకా కింద ఎవరిదో చిన్నప్పటి ఇత్తడి చెంబు, పైకి తేవడానికి తాడు లేక చీరలు ముడేసి పేనడం. నీళ్లు వచ్చాక బ్లీచింగ్ పౌడర్ ఉందా, ఉంటే ఎన్నాళ్లది, గాలి తగిలి బలం పోయిందా, ఇక్కడ మీ ల్యాబు కుర్రాడికి పని దొరుకుతుంది.

తర్వాత విత్తనాలు. వరికి పెద్ద ఇబ్బంది లేదు, మనవాళ్లు వేసే సాంబ మసూరి లాంటివి హైబ్రిడ్లు కావు, ఇంటి గింజలు మళ్లీ మొలుస్తాయి, అలాగే పండుతాయి. మొక్కజొన్న, కూరగాయల్లో ఎక్కువగా హైబ్రిడ్లే. ఆ గింజ దాచి మళ్లీ వేస్తే మొలుస్తుంది కానీ చేను ఏకరీతిగా రాదు, దిగుబడి పడిపోతుంది. ఊళ్లో ఏ ముసలమ్మో ఉట్టి మీద నాటు బీర, నాటు వంకాయ గింజలు బూడిద కలిపి దాచి ఉంటుంది, ఆ ఏడాది ఆమెకి సర్పంచ్ కంటే ఎక్కువ మర్యాద జరగాలి. ఉప్పు గురించి మర్చిపోకండి, కరీంనగర్‌కి సముద్రం చాలా దూరం. ఇన్సులిన్ మీద ఉన్నవాళ్లకి నెలల టైము లేదు. ధాన్యం ఎక్కడపడితే అక్కడ మిగిలిపోతే ఎలకలు, ఎలకల వెనక పాములు వస్తాయి. పాముకాటు మందు చేయడానికి విషం కావాలి, ఆ విషం ఎక్కించడానికి గుర్రాలు కావాలి, దేశానికి కావలసిన విషంలో చాలా భాగం చెన్నై దగ్గర పాములు పట్టే ఇరులర్ తెగవాళ్ల సహకార సంఘం నుంచే వచ్చేది, ఆ గొలుసులో ఒక్క కొక్కెం తెగినా ఆసుపత్రిలో ఉన్న సీసాలే ఆఖరివి. మహమ్మారి తప్పించుకున్న మనిషి పొలం గట్టు మీద పాము కరిచి పోవడం, నా లెక్కలో అది ఈ కథకి చాలా నిజమైన చావు.

జబ్బుకి పేరు పెట్టేటప్పుడు జాగ్రత్త. శాస్త్రీయమైన పేరు ల్యాబులో ఉంటుంది, టీవీలో ఒకటి ఉంటుంది, ఊళ్లో ఇంకోటి. కలరాని గత్తర అన్నాం, మశూచిని అమ్మవారు పోసింది అన్నాం, క్వారంటైన్ అనే మాటని నోరు తిరిగినట్టు తిప్పుకుని హైదరాబాద్‌లో జ్వరాల ఆసుపత్రిని కోరంటి దవాఖానా అని పిలుచుకున్నాం. మీ జబ్బుకి కూడా ఊరు ఒక పేరు పెట్టాలి, ఆ పేరులో కోపం ఉండొచ్చు, భక్తి కూడా ఉండొచ్చు. మా నాయినమ్మ గత్తర ఏడాది గురించి చెప్పేటప్పుడు ఎప్పుడూ గొంతు తగ్గించేది. ఇంట్లో మనిషి పోతే రాత్రంతా ఏడవకుండా నోట్లో కొంగు కుక్కుకుని కూర్చునేవాళ్లట, ఏడుపు వినపడితే పొద్దున మోయడానికి నలుగురు రారని. ఇది ఎవరైనా చెప్తే తప్ప నాకు ఊహకి అందేది కాదు. మీ ఇంట్లో ఎనభై దాటినవాళ్లు ఉంటే ఈ నవల కోసం ముందు వాళ్ల దగ్గర కూర్చోండి.

ఊరివాళ్లు సైన్స్‌ని నమ్మకపోవడం కూడా రాయాల్సి వస్తుంది, వాళ్లని మూర్ఖుల్లా చూపించకండి. 1902లో అప్పటి పంజాబ్‌లోని ముల్కోవాల్ అనే ఊళ్లో ప్లేగు టీకా వేసినప్పుడు ఒక సీసా నుంచి వేయించుకున్న 19 మంది ధనుర్వాతంతో పోయారు. టీకా మంచిదే. సీసా మూత తీసేటప్పుడు పట్టకారు నేల మీద పడిందని, దాన్ని సరిగ్గా శుద్ధి చేయకుండానే వాడారని తర్వాత తేలింది. టీకా కనిపెట్టిన హాఫ్‌కిన్ ముందు తన ఒంటి మీదే వేసుకుని చూసినవాడు, అయినా నింద ఆయన మీద పడింది, తప్పు ఆయనది కాదని తేలడానికి ఏళ్లు పట్టింది. ఆ ఊళ్లోవాళ్ల మనవలు సూదికి భయపడితే తప్పెవరిది? మీ ఊళ్లో వాళ్లకి కూడా అలాంటి జ్ఞాపకం ఒకటి ఇస్తే, కుర్రాడితో వాళ్ల వాదన రెండు వైపులా బలంగా ఉంటుంది.

చివరగా, కుర్రాడు టీకా కనిపెట్టి అందరినీ కాపాడి నవల ముగుస్తుందని రాశారు. దయచేసి మార్చండి. టీకా ఒక్కడు చేసేది కాదు, నేను పనిచేసిన చోట ఒక్క బ్యాచ్ బయటికి రావాలంటే వందల చేతులు, ఆగని కరెంటు, పాడుకాని చల్లదనం కావాలి. ఆ ఊళ్లో అతను చేయగలిగింది వేరే ఉంది. నీళ్లు కాచమనడం, జ్వరం వచ్చినవాళ్లకి బడిలో విడిగా చాపలు వేయించడం, చూసేవాళ్లని ఒకసారి వచ్చి తగ్గినవాళ్లలోంచే ఎంచడం, అన్నిటికంటే ముందు ఒక నోటుబుక్ పెట్టడం. తేదీ, పేరు, ఏ ఇల్లు, జ్వరం ఎప్పుడు మొదలైంది, ఎవరెవరిని కలిశారు. అబద్ధం రాయని పుస్తకం. ల్యాబులో ఆ రాత్రి రాయాల్సింది రాయలేదు కాబట్టి ఇక్కడ ఒక్క రోజూ తప్పకుండా రాస్తాడు. ఆ పుస్తకంలో పేరు ఎక్కితే బడికి పోవాలి, బడికి పోయినవాళ్లలో సగం మంది తిరిగి రావడం లేదు, అది ఊరందరికీ తెలుసు. ఒక రాత్రి వాళ్లమ్మ నుదురు కాలిపోతూ ఉంటుంది. దీపం దగ్గర పుస్తకం తెరిచి ఉంది, అమ్మ నిద్రపోలేదు, వాడి చేతిలో పెన్ను వైపే చూస్తోంది. మీ ఆఖరి అధ్యాయం అక్కడ మొదలవుతుంది, వాడు రాస్తాడో లేదో మీరే తేల్చాలి.

మొదటి మూడు అధ్యాయాలు రాశాక ఇక్కడ పెట్టండి, ల్యాబు సీన్లు వరకూ నేను లైను లైను చూసి చెబుతాను. ఆటోక్లేవ్ రాస్తే మాత్రం టేపు మీద గీతలు నిలువుగా రాయకండి, నేను వాడినవాటిల్లో ఏటవాలుగానే ఉండేవి.